పిల్లోళ్ళకి సొంతంగా రాయడం ఎట్లా నేర్పించాలి: మా బళ్ళో నేను చేసేది

ఆవు వ్యాసం తెలుసు కదా అందరికీ. "ఆవు సాధు జంతువు. ఆవుకు నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు, ఒక తోక ఉండును." మా బళ్ళో మూడో క్లాస్ అబ్బోడు ఒకడు దీన్ని ఒక్క తప్పు లేకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి తెచ్చినాడు. వాళ్ళింట్లో రెండు జెర్సీ ఆవులు ఉండాయి, అందులో ఒకటి అంతకుముందు వారమే పాలు పిండేటప్పుడు వాళ్ళమ్మని తన్నింది, బకెట్ బోర్లా పడింది, ఆమె మోకాలు వాచి రెండు రోజులు కుంటింది, ఇదంతా వాడే నాకు అన్నం టైములో చేతులు తిప్పుకుంటా చెప్పినాడు. అట్లాంటోడు "సాధు జంతువు" అని ఎందుకు రాసినాడంటే గైడులో అట్లే ఉండాది, అంతే. ఆ తన్నుడు గురించి రాయి రా అంటే "అది రాయొచ్చా మేడం?" అన్నాడు.

నేను తిరుపతి దగ్గర చంద్రగిరి పక్క పల్లెలో ఎస్‌జీటీ టీచర్ని, అంటే ప్రైమరీ క్లాసులకి చెప్పేదాన్ని, ఒకటి నుంచి ఐదు దాకా ఇద్దరమే చూసుకుంటాం. అంతకుముందు నగరి వైపు చేసినా. ఇక్కడ చెప్పేది నేను చేసి చూసింది, కొన్ని చెడగొట్టి నేర్చుకున్నది. ఒకటి నుంచి ఐదు లోపు పిల్లలున్న అమ్మానాన్నలకి కూడా పనికొస్తాది.

ముందు ఒకటి తేల్చుకోవాల. దస్తూరి వేరే, చూసిరాత వేరే, సొంతరాత వేరే. మనం మొదటి రెండూ ఏళ్ళకేళ్ళు చేయించి మూడోది దానంతట అదే వస్తాదిలే అనుకుంటాం, అది రాదు. చూసి రాసేటప్పుడు పిల్లోడు సినిమా గురించి ఆలోచించుకుంటా కూడా పేజీ నింపేయగలడు, నేను కళ్ళారా చూసినా. ఒకడు బోర్డు మీద నేను తప్పుగా రాసి కొట్టేసిన గీతని కూడా నీట్‌గా దించినాడు.

సొంతరాత నోట్లోంచి మొదలవుతాది. పెన్సిల్ పట్టుకునే ముందే వాక్యం నోట్లో తయారుగా ఉండాల. నేను చేసేది ఏందంటే ఒక డబ్బాలో చింతగింజలు పెట్టుకుంటా. పిల్లోడు ఒక వాక్యం చెప్పాల, చెప్పిన వాక్యాన్నే మళ్ళీ మెల్లగా చెప్తా మాటకొక గింజ బెంచీ మీద పెట్టాల. "మా / ఆవు / అమ్మని / తన్నింది." నాలుగు గింజలు. ఇప్పుడు ఒక్కో గింజ పక్కకి జరుపుతా ఒక్కో మాట రాయి అంటా. మాటల మధ్య ఖాళీ వదలకుండా రైలుపెట్టెల్లాగా రాసుకుంటా పోయే పిల్లోళ్ళకి ఈ ఒక్క పనితోనే చాలావరకు సర్దుకుంటాది. రాస్తా రాస్తా మధ్యలో వాక్యం మర్చిపోయే వాళ్ళకి కూడా ఇది బాగా పనిచేస్తాది, ఎందుకంటే గింజలు అట్లే కళ్ళముందు ఉంటాయి. మన తెలుగులో "చేసేసినాడంట", "తెచ్చుకోకపోయుంటే" అని ఒకే మాట బారెడు ఉంటాది కాబట్టి ఎన్ని గింజలు పెట్టాలో పిల్లోళ్ళు కొట్లాడుకుంటారు, కొట్లాడుకోనియ్యండి, అదీ వ్యాకరణమే.

మాట నుంచి అక్షరానికి దిగేదానికి చప్పట్లు. తెలుగుకున్న సుఖం ఏందంటే ఎన్ని చప్పట్లో దాదాపు అన్ని అక్షరాలు. బ-డి రెండు, తి-రు-ప-తి నాలుగు, చం-ద్ర-గి-రి కూడా నాలుగే, పు-స్త-కం మూడు. "పుసతకం" అని రాసినోడికి తప్పు అని చెప్పాల్సిన పని లేదు, చప్పట్లు కొట్టి నీ అక్షరాలు లెక్కపెట్టు అంటే చాలు, మూడు చప్పట్లకి నాలుగు అక్షరాలు ఎట్లా వచ్చినాయి అని వాడే తల గోక్కుంటాడు. "పుత్సకం" అని రాసినోడికి మాత్రం లెక్క సరిపోతాది కాబట్టి వానికి వేరే మందు: నాలుకకి ముందు ఏది తగిలింది, స్ అనా త్ అనా? ముందు పలికింది పైన, తర్వాత పలికింది కింద. వత్తుల్లో త, న, మ, య, ర, ల ఈ ఆరూ సొంత అక్షరం పోలిక లేకుండా ఉంటాయి, వీటిని గోడ మీద పెద్దగా రాసి పెట్టండి, మిగతావి తలకట్టు తీసేసి చిన్నగా రాస్తే దాదాపు అయిపోతాయి. ఆ ఆరింటికే ఎక్కువ రోజులు పడతాది.

ఇంకో చిక్కు సున్న. పండులో ఒక మాదిరి పలుకుతాది, పంపులో మ్ మాదిరి, వంకాయలో ఇంకో మాదిరి. పిల్లోడు "పన్డు" అని రాస్తే చెవి బాగా పనిచేస్తా ఉందని అర్థం, మెచ్చుకోని, ఇక్కడ సున్న పెట్టుకుంటాం అని చెప్తే సరి.

అక్షరాల సంగతి కొంచెం. 56 అక్షరాలు అయిపోయి, గుణింతాలు అయిపోయి, వత్తులు అయిపోయినాక గానీ మాటలు రాయకూడదు అనే పద్ధతి నాకు నచ్చదు, అప్పటికి పిల్లోడికి రాయడం అంటేనే విసుగొచ్చి ఉంటాది. ఐదారు అక్షరాలు వస్తానే మాటలు వచ్చేస్తాయి: తల, వల, అల, కల, పలక. ఇంకొన్ని కలిస్తే పడవ, గడప, ఊయల. మొదట నేర్పించే మాట వాడి పేరే కావాల అని అందరూ అంటారు, నేనూ ఒప్పుకుంటా, కానీ ఈ మధ్య పేర్లు చూస్తా ఉంటే నాకే భయమేస్తాది, యశ్వంత్, జ్ఞానేశ్వర్, హర్షిత్, అన్నీ వత్తులు పొల్లులే. ఒకటో క్లాస్ పిల్లోడు తన పేరుని అక్షరాలుగా కాదు బొమ్మగా నేర్చుకుంటాడు, ఫరవాలేదు.

పోలిక ఉన్న అక్షరాలు రెండూ ఒకే రోజు చెప్పొద్దు. ప, ష, ఫ. డ, ద, ధ. మ, య. ఒకటి గట్టిగా వచ్చినాక వారం పది రోజులు ఆగి రెండోది. అన్నిటికన్నా నన్ను ఏడిపించింది "వు". క, గ, త లాంటి వాటికి కొమ్ము కుడి పక్కన వస్తాది, ప, ఫ, వ లకి మాత్రం కిందనుంచి తిప్పాల, వ కి పక్కనే పెడితే అది మ అయిపోతాది. అందుకే మా ఆవు వ్యాసం అబ్బోడు సొంతంగా రాసేటప్పుడు వాడి ఆవు చాలా రోజులు "ఆమ"గానే ఉండిపోయింది. "ఆమ గడ్డి తినింది, ఆమ తన్నింది" అని చదువుతా ఉంటే ఏ ఆమ రా అని క్లాసంతా నవ్వింది. నవ్వినాక వాడు మళ్ళీ ఆ తప్పు చేయలేదు, కానీ అందరు పిల్లోళ్ళూ నవ్వుని అట్లా తీసుకోరు, చూసుకోవాల.

చెయ్యి గురించి రెండు మాటలు, దీని మీద ఎక్కువ చెప్పేది లేదు. బలపం గానీ పెన్సిల్ గానీ పిడికిలితో పట్టుకునే పిల్లోడికి రెండంగుళాల ముక్క ఇవ్వండి, పిడికిలికి అందదు కాబట్టి మూడు వేళ్ళతో పట్టుకోవడమే గతి. అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం పోసి వేలితో దిద్దిస్తాం కదా, దాన్ని ఒక్క రోజుతో ఆపేయకుండా ఇసుకలో కొన్నాళ్ళు చేయించొచ్చు. ఎడమచేతి వాటం ఉంటే మార్చొద్దు, బెంచీలో ఎడమ చివర కూర్చోబెడితే పక్కోడి మోచెయ్యి తగలదు.

ఇంక అసలు సంగతి, ఏం రాయించాల. "నా స్నేహితుడు", "పరిసరాల పరిశుభ్రత" ఇట్లాంటి టాపిక్ ఇస్తే గైడు భాషే వస్తాది. పిల్లోడికి నాకన్నా బాగా తెలిసిన పని ఏదో అది అడగాల. మా వైపు చలికాలం వస్తే అనపకాయలు వస్తాయి, సంక్రాంతి దాకా ఇంటింటా పితికిపప్పే. నాలుగు, ఐదు క్లాసులకి "మీ ఇంట్లో పితికిపప్పు ఎట్లా చేస్తారో నాకు రాసియ్యండి, నాకు చేయడం రాదు అనుకోండి" అని చెప్పి, మర్నాడు నేను ఒక గిన్నెలో అనపగింజలు తీసుకొచ్చి పెట్టినా. ఒక పాప రాసింది: "అనపకాయలు ఒలవాల. గింజలు పితకాల. కూర చేయాల." నేను ఆ కాగితం చదువుకుంటా ఒక గింజ తీసి పితికినా. రాలేదు. గట్టిగా పితికినా, గింజ జారిపోయి బెంచీ కింద పడింది. క్లాసంతా ఒకటే అరుపు, "నానబెట్టల్లేదు మేడం! రాత్రే నీళ్ళలో ఏయాల!" అయితే ఇందులో అట్లా రాయలేదే అన్నా. ఆ పాప వచ్చి కాగితం లాక్కోని "రాత్రి నీళ్ళలో నానబెట్టాల. పొద్దున పైన తోలు మెత్తగా అవుతాది. రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే పప్పు బయటికి దూకుతాది" అని రాసుకొచ్చింది. ఆ "దూకుతాది" అనే మాట నేను నేర్పించింది కాదు.

ఇట్లా చదివినోడు ఆ పని చేసి చూడగలిగే రాతలు చిన్నపిల్లోళ్ళకి చాలా బాగుంటాయి, ఎందుకంటే ఎక్కడ తగ్గిందో టీచర్ చెప్పక్కర్లేదు, పనే చెప్తాది. గాలిపటం కట్టేది, ఊరిబిండి నూరేది, బడి నుంచి వాళ్ళింటికి దోవ, ఏదైనా సరే. దోవ రాయించినప్పుడు ఇంకొకర్ని ఆ చీటీ పట్టుకోని పొమ్మంటే "గుడి కాడ తిరగాల" అన్నాడు గానీ ఏ పక్కకో రాయలేదని తెలుస్తాది.

జూన్ 12న బడి తెరవగానే మొదటి వారం సెలవుల కబుర్లే రాయిస్తా. తిరుపతి గంగమ్మ జాతర మే నెలలోనే కదా, ఇంటికొకరు వేషమో మొక్కుబడో ఉంటాది, కాబట్టి ఆ వారం సరుకుకి కొదవ లేదు. ఇక్కడ ముందు బొమ్మ గీయిస్తా. బొమ్మ గీస్తా గీస్తా పిల్లోళ్ళు మాట్లాడుకుంటారు, ఆ మాటలే తర్వాత వాక్యాలు అవుతాయి. ఒకటో క్లాస్ వాళ్ళు బొమ్మలో వాటికి పేర్లు రాస్తే చాలు, "కుంకం", "యాపాకు", "నాయన" అట్లా. రాయడం రానోళ్ళు చెప్తే నేను వాళ్ళ మాట వాళ్ళ మాదిరే బొమ్మ కింద రాసిస్తా, వాళ్ళకి చదివి వినిపిస్తా, తన మాట కాగితం మీద చూసుకోని ఆ పిల్లోళ్ళ మొహం ఉంటాది చూడండి. జాతరలో బండ వేషం రోజు ఒళ్ళంతా కుంకుమ పూసుకోని బూతులు తిట్టుకుంటా పోతారు కదా, ఒక అబ్బోడు దాని గురించి రాస్తా మధ్యలో లేచొచ్చి నా చెవిలో "మేడం, మా మామ ఏం తిట్టినాడో అది కూడా రాయాల్నా?" అని అడిగినాడు. దానికి ట్రైనింగులో ఏం చెప్పలేదు నాకు. "ఏదో తిట్టినాడు అని రాయి" అన్నా. వాడు "బో తిట్టినాడు" అని రాసుకున్నాడు.

భాష దగ్గరికొస్తాం. మన పిల్లోళ్ళు "పోయినాడు", "ఉండాది", "యాడికి" అంటారు, పుస్తకంలో "వెళ్ళాడు", "ఉంది", "ఎక్కడికి" అని ఉంటాది. ఆగస్టు 29న మనమే తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, అది గిడుగు రామమూర్తి పంతులు పుట్టినరోజు, 1863లో పుట్టిన ఆ పెద్దాయన జనం మాట్లాడే భాషలోనే రాతలు, చదువులు ఉండాలని జీవితమంతా కొట్లాడినాడు. పొద్దున ఆయన ఫోటోకి దండేసి మధ్యాహ్నం "మా అవ్వ సంగటి కెలికింది" అని రాసినోడి కాగితం మీద ఎర్ర గీత పెడితే ఏం బాగుంటాది. నేను మొదటిసారి రాసేటప్పుడు ఇంటి మాటని ముట్టుకోను. మూడో క్లాస్ దాటినాక గోడ మీద రెండు వరసలు పెడతా, ఇంటి మాట, బడి మాట. "యాడికి" ఎదురుగా "ఎక్కడికి". పిల్లోళ్ళే మాటలు తెచ్చి వేస్తారు, ఎక్కడ ఏది వాడాలో ఐదో క్లాస్‌కొచ్చేసరికి చాలామందికి తెలిసిపోతాది. "కెలికింది"కి ఎదురు ఏం పెట్టాలో మాత్రం మాకు తెలియలేదు, ఖాళీగానే ఉంది.

నగరి, సత్యవేడు వైపు ఇంట్లో అరవం మాట్లాడే బిడ్డలకి ఇంకో ఇబ్బంది. అరవంలో క, గ రెండిటికీ ఒకే అక్షరం, ప, బ లకీ అంతే. అందుకే "బడి"ని "పడి" అని రాస్తారు. అప్పుడు పదిసార్లు ఇంపోజిషన్ రాయిస్తే లాభం లేదు, గొంతు మీద చెయ్యి పెట్టుకోని ప, బ రెండూ పలకమనండి, బ కి గొంతు అదురుతాది. తేడా తెలిసినాక రాతలో కూడా దిగుతాది, నాలుగైదు వారాలు పడతాది కానీ దిగుతాది.

ఇప్పుడు ఎర్ర పెన్ను కథ, ఇది నా తప్పే. 2021 నవంబర్‌లో వానలు గుర్తుండే ఉంటాయి, కల్యాణి డ్యాం గేట్లు ఎత్తినారు, స్వర్ణముఖి పొంగింది, తిరుపతి చుట్టుపక్కల రోడ్లు తెగినాయి. బడి మళ్ళీ తెరిచినాక నాలుగో క్లాస్ పాప ఒకామె నేను అడక్కుండానే ఒక పేజీ నిండా రాసి తెచ్చింది, ఇంట్లోకి నీళ్ళొస్తే వాళ్ళ నాయన బియ్యం మూటని అటక మీదికి ఎక్కించింది, కోళ్ళు కొట్టుకుపోయింది, అన్నీ. నేను చాలా శ్రద్ధగా కూర్చోని ఇరవై మూడు తప్పులు ఎర్రగా చుట్టి, కింద "స్పెల్లింగ్ చూసుకో" అని రాసిచ్చినా. కోళ్ళ గురించి ఒక్క ముక్క అడగలేదు. ఆ తర్వాత ఆ పాప ఎప్పుడు రాసినా తప్పులు లేవు. రెండే వాక్యాలు రాసేది, రెండూ తనకి గ్యారంటీగా వచ్చిన మాటలతోనే. ఏడాదంతా అంతే.

అందుకని ఇప్పుడు నేను ఎట్లా దిద్దుతానంటే, ముందు చదివి ఒక ప్రశ్న అడుగుతా, చెప్పిన సంగతి గురించే. "కోళ్ళు ఎన్ని పోయినాయి? మళ్ళీ దొరికినాయా?" జవాబు చెప్తే అదే ఇంకో వాక్యంగా రాయమంటా. తర్వాత తప్పుల్లో ఒక్క రకం పట్టుకుంటా, ఈ వారం వత్తులు అంటే వత్తులే, మిగతావి కనబడినా కళ్ళు మూసుకుంటా, ఇది మొదట్లో చాలా కష్టం, చెయ్యి దురద పెడతాది. సరైన రూపం పక్కన పెన్సిల్‌తో రాస్తా. రాసిన ప్రతిదాన్నీ ఫెయిర్ చేయించను, వారానికి ఒకటి, గోడ పత్రికకి ఎక్కేది మాత్రమే నీట్‌గా మళ్ళీ రాస్తారు, అప్పుడు దస్తూరి గురించి ఎంతైనా చెప్పొచ్చు, వాళ్ళకే బాగుండాలని ఉంటాది.

టీచర్ కూడా వాళ్ళ ముందర రాయాల. నేను బోర్డు మీద నా కథ రాస్తా, రాస్తా పైకే ఆలోచిస్తా, "బస్సు లేటైంది... ఎంత లేటైంది? ఇట్లా కాదు, బస్సు రాలేదు, చెప్పులు తెగినాయి అని రాస్తా" అని కొట్టేసి తిరగ రాస్తా. పెద్దోళ్ళకి కూడా మొదటిసారే సరిగ్గా రాదని చూస్తే పిల్లోళ్ళు రబ్బరు పెట్టి కాగితం చినిగేదాకా రుద్దేది తగ్గిస్తారు.

టైం ఎక్కడుందండీ అంటారు. రోజూ ఇరవై నిమిషాలు, అన్నం తిన్నాక, మా బళ్ళో అంతే. ఐదు క్లాసులు ఒకే గదిలో ఉంటే ఐదు పాఠాలు కాదు, ఒకే సంగతి, ఎవరి మట్టానికి వాళ్ళు: ఒకటి బొమ్మకి పేర్లు, రెండు మూడు వాక్యాలు, నాలుగు ఐదు పేరా. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూలు వాళ్ళు పల్లె బడుల కోసం పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా చేసి నిచ్చెన మెట్ల మాదిరి పేర్చినారు, ఎవరి మెట్టు మీద నుంచి వాళ్ళు ఎక్కేదే. అంత పెద్ద ఏర్పాటు మనకి లేకపోయినా పాత పెళ్ళి పత్రికల వెనకవైపు కత్తిరించి మనమూ కార్డులు చేసుకోవచ్చు, ఒక్కో దాని మీద ఒక ప్రశ్న.

ఇంట్లో వాళ్ళు చేయాల్సింది తక్కువే. సరుకుల చీటీ పిల్లోడితో రాయించండి, "చెనక్కాయలు కాలు కిలో" అని వాడు తప్పుగా రాసినా అంగడాయనకి అర్థమైతే పాసే. ఊళ్ళో ఉన్న అవ్వకి వాట్సాప్‌లో ఫోటో తీసి పంపించేదానికి ఒక చీటీ. పదిసార్లు రాయి అని శిక్షగా మాత్రం రాయించొద్దు, అన్నం తినడాన్ని ఎవరన్నా శిక్షగా పెడతారా. ఇంగ్లీషు సంగతి అడుగుతారు, మీడియం ఇంగ్లీషే కదా అని. తెలుగులో నాలుగు వాక్యాలు సొంతంగా కట్టగలిగినోడికి ఇంగ్లీషులో మాటలే కరువు, ఏం చెప్పాలో కరువుండదు. రెండూ రానోడితో ఇంగ్లీషు ప్యారాగ్రాఫ్ బట్టీ పట్టిస్తే మళ్ళీ ఆవు సాధు జంతువు దగ్గరికే వస్తాం.

చివరగా, ఒక డబ్బా. అట్టపెట్టెకి కంత పెట్టి బళ్ళో తగిలించినా, ఎవరికైనా ఉత్తరం రాసి వేయొచ్చు, శనివారం పంచుతాం. ఒకటే రూలు, ఉత్తరం అందుకున్నోళ్ళు జవాబు రాయాల. మొదటి వారం నాకే ఎక్కువ వచ్చినాయి, ఎక్కువ భాగం ఆటల పీరియడ్ పెంచమనే. రెండో క్లాస్ అబ్బోడు ఒకడు వంట అక్కకి రాసినాడు: "అక సాంబారు బాగుంది ఉపు లేదు." ఆమెకి చదువు రాదు. నా దగ్గర చదివించుకోని, ఐదో క్లాస్ పాపని పొయ్యి కాడ కూర్చోబెట్టుకోని చెప్పి రాయించింది: "నాయినా, ఉప్పు ఏసినాను. నువ్వు కలపకుండా పైన తేట పోయించుకున్నావు. రేపు గెంటె అడుగు దాకా పెట్టి పోస్తాను." ఆ చీటీ వాడు ఇప్పటికీ లెక్కల పుస్తకంలో పెట్టుకోని తిరుగుతా ఉన్నాడు, తర్వాత వాడు రాసిన ఉత్తరంలో "అక్క", "ఉప్పు" రెండిటికీ వత్తులు ఉండాయి.